నమ్మని తీర్పుకు రాసిన కారణాలు

రోక్కాస్పీనా కోర్టులో జడ్జీల గది తలుపు మూసుకున్నాక లోపల ఎవరేమన్నారో బయటికి పొక్కకూడదు. ముగ్గురు లోపలికి వెళ్తారు, ఒకే తీర్పు బయటికి వస్తుంది. ఎవరు ఔనన్నారు, ఎవరు కాదన్నారు అన్న సంగతి ఆ గదిలోనే సమాధి కావాలి. నోరు జారితే నేరం. ఇంకో తమాషా ఏమిటంటే, తీర్పు ఆ రోజే చదివేస్తారు, దానికి కారణాలు మాత్రం నెలల తర్వాత తీరిగ్గా రాస్తారు. మనిషిని ముందు జైలుకు పంపి, ఎందుకు పంపామో తర్వాత కూర్చుని ఆలోచించుకోవడమన్నమాట. ఇందులో వింతేముందని లా చదివినవాళ్లు అడుగుతారు. నిజమే, అలవాటైపోయాక ఏదీ వింత కాదు.

కారణాలు రాయడంలో ఎర్సీలియా బొనవోలియాకు పెట్టింది పేరు. ఆమె రాసిన తీర్పుల్ని కొత్తగా చేరిన జడ్జీలకు పాఠాల్లా చదివించేవారు. ఎక్కడా అతుకు కనిపించదు, ఎక్కడా గొంతు పెంచదు. చదువుతూ పోతే చివరికి ఇంకోలా ఎలా ఉంటుందిలే అనిపిస్తుంది. పెళ్లీ పెటాకులూ లేని ఆమెకు అదే సంసారం, అదే గర్వం. ఆ గర్వాన్ని ఆమె ఎన్నడూ పైకి చెప్పుకోలేదు గానీ, లోపల దాన్ని బాగానే మేపింది.

ఆ రోజు ముందున్న కేసు వల్లెస్కూరా అనే కొండ ఊరిది. పింఛన్లు పంచే పూట ముసుగు వేసుకున్నవాడొకడు పోస్టాఫీసులో దూరి డబ్బు సంచి లాక్కున్నాడు. అడ్డొచ్చిన గుమాస్తా ఒర్సోలా నెత్తిన ఇనుప కడ్డీతో కొట్టాడు. పాపం ఆమె ప్రాణం దక్కింది గానీ చూపు పోయింది. నేరం ఎజీదియో లాకావా మీద పడింది. ఇళ్లల్లో బండలు పరిచే మేస్త్రీ, నోట్లో నాలుక లేని మనిషి. కుడి భుజం కిందికి వాల్చి నడిచే ఆ నడక ఎజీదియోదేనని సిగరెట్ల కొట్టువాడు ఒట్టేసి చెప్పాడు. పోలీసులు పట్టుకున్నప్పుడు ఎజీదియో మొదట ఇంట్లో ఉన్నానన్నాడు. తర్వాత మాట మార్చి, పక్క ఊళ్లో ఒకాయన ఇంట్లో దొంగచాటుగా బండలు పరుస్తున్నానన్నాడు. పని లేదని సర్కారు భృతి తీసుకుంటూ పని చెయ్యడం తప్పు కాబట్టి ముందు దాచానన్నాడు. ఆ ఇంటాయన జరిమానాకు భయపడ్డాడో ఏమో, ఇతని ముఖం కూడా ఎప్పుడూ చూడలేదు పొమ్మన్నాడు.

గదిలో చిన్నవాడు ముందు ఓటెయ్యాలి, పెద్దవాళ్ల మాట విని తలూపకుండా ఉండటానికి. చిన్నవాడు రెమో. కొత్తగా వచ్చిన కుర్ర జడ్జి, చదివినదంతా ఇంకా నాలుక చివరే ఉంది.

"సార్, పాతకాలం పండితులు జడ్జిని పిండిమర అనుకునేవారు," అన్నాడు రెమో. "ఇటు నుంచి చట్టమూ సాక్ష్యమూ పోస్తే అటు నుంచి తీర్పు రాలుతుందని. తర్వాతొచ్చినవాళ్లు అదేం కాదు పొమ్మన్నారు. తీర్పు ముందు కడుపులో పుడుతుందట. బుర్ర ఆ తర్వాత తీరిగ్గా వచ్చి దానికి చొక్కా తొడుగుతుందట."

ప్రెసిడెంటు కొలాంజెలో మోకాలు నొక్కుకుంటూ నవ్వాడు. ఆయన పెద్ద జడ్జి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు. "ఇంతకీ నీ కడుపేమంటోంది నాయనా?"

"దోషి అంటోంది సార్."

"మరి చొక్కా?"

"అది ఎర్సీలియా మేడమ్ కుడతారు కదండీ."

మగాళ్లిద్దరూ నవ్వారు. ఎర్సీలియా నవ్వలేదు. "నా కడుపు నిర్దోషి అంటోంది," అంది.

కొలాంజెలో నవ్వాపి కళ్లజోడు తీశాడు. "ఎందుకమ్మా?"

నడకను చూసి మనిషిని పోల్చడం సాక్ష్యం కాదంది. ఇంటాయనకు అబద్ధమాడే అవసరముందంది. కొలాంజెలో అన్నీ ఓపిగ్గా విన్నాడు. "ఇవన్నీ తర్వాత వెతుక్కున్నవి. అసలు సంగతి చెప్పండి. మిమ్మల్ని ఈ రోజే కొత్తగా చూస్తున్నానా నేను?"

దాంతో ఎర్సీలియా అసలు సంగతి చెప్పేసింది. విచారణ రోజు, కళ్లు పోయిన ఒర్సోలాను సాక్ష్యం చెప్పడానికి మేనకోడలు చెయ్యి పట్టుకుని బోనులోకి నడిపిస్తోంది. దారిలో ఎవరో వకీలు సంచి అడ్డంగా పడుంది. ఇద్దరు పోలీసుల మధ్య కూర్చున్న ఎజీదియో వంగి ఆ సంచిని చప్పుడు కాకుండా తన వైపు లాక్కున్నాడు. ఆమె దాటి వెళ్లింది. అతను తలెత్తి ఎవరైనా చూశారా అని చూసుకోలేదు. అంతే.

"అంతేనా?" అన్నాడు రెమో.

"అంతే."

కొలాంజెలో చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పుకోవాలి. ఆయన గొంతు మెత్తబడింది. "అమ్మా, ఈ సంచి కథ కాగితమ్మీద పెడితే పైకోర్టువాళ్లు ముగ్గుర్నీ కలిపి పిచ్చాసుపత్రికి పంపిస్తారు. కొట్టినవాడికి కూడా తర్వాత జాలి పుట్టొచ్చు. నా ఓటు దోషి అనే."

ఇద్దరూ ఒకటి, ఆమె ఒకటి. తొమ్మిదేళ్ల జైలు.

తీర్పు చదివినప్పుడు ఎజీదియో జడ్జీల వైపు చూడలేదు, వెనక బెంచీ వైపు చూశాడు. అక్కడ అతని తల్లి మద్దలేనా కూర్చుని ఉంది. తలకు నల్లగుడ్డ కట్టుకుంది, ఒళ్లో చేతులు పెట్టుకుంది. ఆవిడకు చెవులు మందం. పక్కనామెను మోచేత్తో పొడిచి, "ఏమన్నారే? వదిలేశారా?" అని అడిగింది. ఆ అడగడం హాలంతా వినపడింది.

వరండాలో కొలాంజెలో ఎర్సీలియా పక్కన కుంటుతూ నడిచాడు. "కారణాలు మీరే రాయాలి. నేను రాస్తే చిరుగులు కనిపిస్తాయి. రెమో రాస్తే పండితుల పేర్లు తప్ప ఏమీ కనిపించవు."

"నేను కాదన్న తీర్పుకా సార్?"

"కాదన్నవాళ్లే బాగా రాస్తారు. ఎక్కడ డొల్లో వాళ్లకే తెలుసు."

ఆమె వద్దనొచ్చు. ఓడినవాళ్లు తప్పుకుంటామంటే ఎవరూ మెడ మీద కత్తి పెట్టరు. తను రాస్తే ఆ మేస్త్రీ వైపు మాట కూడా నాలుగు ముక్కలు చేరుతుంది కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. అది సగం నిజం. మీరే రాయాలి అన్న మాట ఆమె చెవులకు తియ్యగా తగిలింది, అది మిగతా సగం. ఆ సగం గురించి ఆమె అప్పుడు ఆలోచించలేదు.

ఆదివారం తన గురువు అన్సెల్మో ఇంటికి వెళ్లింది. రిటైరైన ముసలి జడ్జి ఆయన. వసారాలో కూర్చుని నూనెలో వేయించిన ఎండు మిరపకాయలు కరకరా నములుతున్నాడు. ఎవరు ఎటు ఓటేశారో ఆమె చెప్పలేదు. రాయవలసిన తీర్పొకటి చేతికి రావడం లేదని మాత్రం అంది. ఆయనకది చాలు.

"ఓడిపోయావన్నమాట. ఆ మనిషి తప్పు చెయ్యలేదని నీకు గట్టిగా అనిపిస్తోందా, అమ్మాయ్?"

ఆమె పళ్లెంలోని మిరపకాయల వైపు చూసింది.

"అయితే ఆత్మహత్య తీర్పు రాయి. నేనూ రాశాను నా కాలంలో. మొదటి పేజీలో ఔనన్నదాన్ని ఆఖరి పేజీలో కాదను. ఒక సాక్షిని పూర్తిగా మర్చిపో. పైకి మామూలుగా కనిపిస్తుంది గానీ పైకోర్టు చెయ్యి వెయ్యగానే కుప్పకూలుతుంది. వాడు బయటపడతాడు."

"అది మోసం కదా మాష్టారూ."

"మోసమే. నీ పేరు కాస్త చెడుతుంది. ఎర్సీలియాకు వయసు మీదపడిందిరా అని నవ్వుకుంటారు." మిరపకాయ పళ్లెం ముందుకు తోశాడు. "తిను. పేరు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు."

ఆమె ఇంటికొచ్చి ఆయన చెప్పినట్టే మొదలుపెట్టింది. ఒక సాక్షిని వదిలెయ్యాలి కాబట్టి తల్లిని వదిలేసింది. విచారణలో మద్దలేనా చెప్పింది ఒక్కటే మాట. ఆ పూట మా వాడు ఇంట్లో లేడు, అని. కన్నవాళ్లు సాక్ష్యం చెప్పనవసరం లేదు, నోరు మూసుకునే హక్కు చట్టమే ఇచ్చింది. ఆ సంగతి ఆవిడకు రెండుసార్లు చెప్పారు. అయినా నిజం చెబితే మంచే జరుగుతుందనుకుని, అమాయకంగా, ఉన్నదున్నట్టు చెప్పింది. ఎజీదియో మొదటి అబద్ధాన్ని పడగొట్టి, అతను మాట మార్చేలా చేసింది ఆ మాటే. దాన్ని తీసేస్తే తీర్పులో పెద్ద గొయ్యి మిగులుతుంది. ఎర్సీలియా ఆ గొయ్యిని అలాగే ఉంచి మిగతాది రాసుకుంటూ పోయింది.

ఉంచగలిగితే ఎంత బాగుండేది! రాసిన కాగితాలు తిరగేసినప్పుడల్లా ఆమె కళ్లు అక్కడే ఆగేవి. సొంత ఇంట్లో విరిగిన కుర్చీని చూస్తూ ఊరుకోలేని మనిషి ఆమె. ముందు ఒక్క ముక్క చేర్చింది, మరీ సిగ్గులేకుండా ఉండకూడదని. ఆ ముక్క పక్కవాటితో కలవడం లేదని ఇంకోటి చేర్చింది. తను ఎవరిని కాపాడాలనుకుందో ఆమె మర్చిపోలేదు. రేపు మళ్లీ తీసేస్తానులే అనుకునేది. తెల్లారి చదివితే అది బాగుండేది. బాగున్నదాన్ని చెరపడానికి చెయ్యి వచ్చేది కాదు.

ఒక ఉదయం ఆ వాక్యం దానంతటదే వచ్చింది. "మౌనంగా ఉండే హక్కును చట్టం ఈ తల్లికి ఇచ్చింది, ఆమె ఆ హక్కును వదులుకుంది, కొడుకును కాపాడే మౌనం చేతిలో ఉండి కూడా నిజం పలికిన తల్లిని నమ్మకపోతే, ఈ లోకంలో ఇక ఏ సాక్షినీ నమ్మలేము." రాసి, మళ్లీ చదువుకుంది. అందులో ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఆ రోజు ఆమె చాలాకాలం తర్వాత కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయింది. తర్వాతి రోజుల్లో తనను తాను అన్నిటికంటే అసహ్యించుకున్నది ఆ భోజనానికే.

పైకోర్టు తీర్పును ఖాయం చేసింది. ఆ వాక్యాన్ని ఎత్తి రాసుకుని మరీ మెచ్చుకుంది. రోములో ఆఖరి కోర్టు కూడా తల ఊపింది. కొలాంజెలో తన వీడ్కోలు విందులో ఆమె భుజం తట్టి, "చూశారా, నా కడుపు అబద్ధం చెప్పదు," అన్నాడు. అన్సెల్మో మాత్రం తీర్పు తెప్పించుకుని చదివి, ఫోన్ చేసి, "చాలా బాగా రాశావు తల్లీ," అన్నాడు. వెంటనే ఫోన్ పెట్టేశాడు. ఆమెను అంతగా కొట్టిన మెచ్చుకోలు జీవితంలో మరొకటి లేదు.

కొన్నేళ్లకు ఎజీదియో జైల్లో చచ్చిపోయాడు. చలికాలంలో ఊపిరితిత్తులకు జబ్బు చేసింది, ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకెళ్లారు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే వేరే జిల్లాలో దొరికిన దొంగొకడు తను చేసినవన్నీ ఏకరువు పెడుతూ వల్లెస్కూరా పోస్టాఫీసు పేరు కూడా చెప్పాడు. కడ్డీ ఎక్కడ పారేశాడో చూపించాడు. వాడికి భుజం వాలు కూడా లేదు. బండలు పరిపించుకున్న ఇంటాయన అప్పుడు నోరు విప్పాడు. చచ్చిపోయిన ఎజీదియోను కొత్త కోర్టొకటి నిర్దోషి అని ప్రకటించింది.

ఎర్సీలియా గుండె పగిలి ఏడ్చింది. ఏడ్చినకొద్దీ ఒక్క మాట గొంతులో అడ్డం పడుతూ వచ్చింది. నేను కాదన్నాను. ఆ ముగ్గురిలో ఒక మనిషికి నీ కొడుకు సంగతి తెలుసు. ఆ మాట అతని తల్లికి చేరవెయ్యాలనిపించింది. నేరమైతే కానీ, కొలువు పోతే పోనీ. కోర్టులన్నీ తన కొడుకును దొంగ అన్నప్పుడు ఒకరు కాదన్నారని తెలిస్తే ఆ తల్లి ప్రాణం కాస్త కుదుటపడదా? తనకూ కాస్త ఊపిరి ఆడదా? రెండోది కూడా కావాలనిపించింది ఆమెకు, దాచడం దేనికి.

వల్లెస్కూరాలో మద్దలేనా ఇల్లు చర్చి వెనక మెట్లదారిలో ఉంది. తలుపు తీసింది ఆవిడే. బాగా ఎండిపోయింది. ఎర్సీలియా పేరు చెప్పుకోగానే కసురుకుంటుందనుకుంది, తలుపు మొహాన వేస్తుందనుకుంది. మద్దలేనా పక్కకు తప్పుకుని, "లోపలికి రండి జడ్జమ్మా. ఎత్తు ఎక్కొచ్చారు, కూర్చోండి. కాఫీ పెడతా," అంది.

వంటగది గోడకు ఎండు మిరపకాయల దండలు వేలాడుతున్నాయి. ఆవిడ పొయ్యి ముందు వీపు తిప్పి నిలబడే అడిగింది. "అది రాసింది మీరే కదూ? కింద మీ పేరుంది."

"నేనేనమ్మా," అంది ఎర్సీలియా గట్టిగా, ఆవిడకు వినపడేలా.

"వకీలు నాకో ప్రతి ఇచ్చాడు. నేను మూడో తరగతి దాకా చదివాను. రోజుకు కాస్త చొప్పున కూడబలుక్కుంటూ మొత్తం చదివా. ఎవర్నీ సాయం అడగలా, సిగ్గేసి." ఆవిడ కప్పులు కడిగి తుడిచింది. "నా గురించి అంత మంచిగా రాసినవాళ్లు నా పుట్టుకలో లేరు తల్లీ. మా ఆయన కూడా నన్నెప్పుడూ ఒక మంచి మాట అన్లేదు. మీరేమో, ఈ తల్లిని నమ్మకపోతే లోకంలో ఎవర్నీ నమ్మలేం అన్నారు. ఆ ముక్క దగ్గర ఏడ్చేశా."

మద్దలేనా మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

"ముందు నా కొడుకు అలా చెయ్యడనే అనుకున్నా. నా బిడ్డ, నాకు తెలీదా అనుకున్నా. అయితే చదివేకొద్దీ... మీరు అన్నీ ఎంత బాగా పేర్చారమ్మా! ఇక్కడున్నాడంటే కాదు, అక్కడున్నాడంటే కాదు. ఎటు చూసినా సందు లేదు. తల్లి కళ్లు కదా, నావి గుడ్డివి, ఇంత చదువుకున్నామె చూసి చెబుతోంది కదా అనుకున్నా. ఒర్సోలా ఎదురింట్లోనే ఉంటుంది. ఆ పిల్ల గోడ తడుముకుంటూ నడుస్తుంటే చూళ్లేకపోయేదాన్ని. నా కడుపున పుట్టినవాడే చేశాడని తల కొట్టేసినట్టుండేది." కాఫీ పొంగితే గబుక్కున దించింది. "అప్పట్నుంచి నేను వాణ్ణి చూడ్డానికి పోవడం మానేశా."

"జైలుకా?"

"ఒక్కసారీ పోలా. బుద్ధి రానీ అనుకున్నా. వాడితో పాటు గదిలో ఉన్న కుర్రాడు విడుదలయ్యాక ఇటొచ్చి చెప్పాడు. చూడ్డానికి వచ్చే రోజు ప్రతిసారీ గడ్డం గీసుకుని, చొక్కా మార్చుకుని, మంచం మీద కూర్చునేవాడట. మా అమ్మకు చెవులు మందం, బస్సు హారన్ వినపడక తప్పిపోయుంటుంది అనేవాడట. చచ్చిపోయే దాకా అదే అన్నాడట." ఆవిడ గొంతు వణకలేదు. వణకడం ఎప్పుడో అయిపోయినట్టుంది. "నా మీద ఒక్క మాట పడనియ్యలేదు వాడు."

కప్పు తెచ్చి ఎర్సీలియా ముందు పెట్టింది. పంచదార అడక్కుండానే వేసి కలిపింది. తర్వాత ఎదురుగా కూర్చుని, బాగా వినపడే చెవి ఆమె వైపు పెట్టి, మొదటిసారి ఆమె కళ్లల్లోకి చూసింది.

"ఒక్కటడుగుతా, ఏమనుకోకండి జడ్జమ్మా. రోజూ ఇదే అనుకుంటా. అది రాసేటప్పుడు మీరు నమ్మే రాశారా?"

ఎర్సీలియా కొండెక్కి వచ్చింది ఆ మాట చెప్పడానికే. లేదమ్మా, నేను నమ్మలేదు, నీ కొడుకును వదిలెయ్యమన్నాను. నాలుక మీదే ఉంది. చెబితే ఏమవుతుందో ఆవిడ ముఖంలోనే కనపడుతోంది. రాసినామె కూడా నమ్మని మాటలు నమ్మి, నేను నా బిడ్డను ఒంటరిగా వదిలేశాను. ఆ ఎరుకతో ఈ ముసలామె ఈ వంటింట్లో మిగతా రోజులు బతకాలి. ఎర్సీలియాకు లోకంలో మిగిలిన మంచి పని ఆ ఒక్క ఓటే. ఇన్నేళ్లూ దాన్ని పట్టుకునే నిలబడింది.

"నమ్మానమ్మా," అంది. ఆవిడకు వినపడలేదేమోనని మళ్లీ గట్టిగా అంది. "పూర్తిగా నమ్మాను. నమ్మకుండా అలా ఎలా రాస్తాను?"

మద్దలేనా పెద్దగా నిట్టూర్చింది. భుజాలు కిందికి దిగాయి. బల్ల మీదుగా చెయ్యి చాచి ఎర్సీలియా చేతిని పట్టుకుంది.

"అదే అనుకున్నా. అంత చదువుకున్న నువ్వే మోసపోయావు, ఇంక నేనెంత తల్లీ?" అంది. ఎర్సీలియా వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆవిడ లేచి వచ్చి, పక్కన నిలబడి, తల నిమురుతూ ఓదార్చింది. "ఊరుకో, ఊరుకో. నీ తప్పేముంది? తెలీక చేశావు."